22 సైట్లకు ఏ ప్యానెల్? ముందు మెయిల్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చెన్నై పెరుంగుడిలో ఉంటూ నెల్లూరు, సూళ్లూరుపేట, చెన్నై క్లయింట్ల సైట్లు 22 చూసుకుంటున్నారు. అన్నీ వర్డ్‌ప్రెస్సే. ఇన్నాళ్లూ రీసెల్లర్ హోస్టింగ్ (వేరే కంపెనీ సర్వర్లో చోటు తీసుకుని మన క్లయింట్లకు పంచేది) మీద నెట్టుకొచ్చారు, అది నెమ్మదించిపోవడంతో 4 జీబీ ర్యామ్ వీపీఎస్ (మనకంటూ విడిగా అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) ఒకటి తీసుకున్నారు. దాని మీద సైట్లను, మెయిళ్లను బ్రౌజర్లోంచే నడిపించే సాఫ్ట్‌వేర్‌గా (అదే ప్యానెల్) డబ్బు పెట్టి సీప్యానెల్ వేసుకోవాలా, ఉచితంగా దొరికే సైబర్‌ప్యానెల్ సరిపోతుందా అని ప్రశ్న. తొమ్మిది మంది క్లయింట్ల మెయిల్ కూడా అదే సర్వర్ మీద నడవాలని చివర్లో ఒక్క ముక్క రాశారు. నాకైతే అసలు ప్రశ్న ఆ చివరి ముక్కే.

నేను వేళచ్చేరిలో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను. ప్రస్తుతం మూడు సర్వర్లు, డెబ్బై చిల్లర సైట్లు. సీప్యానెల్, ప్లెస్క్, డైరెక్ట్‌అడ్మిన్, వర్చువల్‌మిన్, వెస్టా, హెస్టియా, అన్నీ సొంత డబ్బు పెట్టో నిద్ర పోగొట్టుకునో వాడి చూశాను. నాకు పక్షపాతం లేదని చెప్పను. ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి.

మీకు వచ్చే ఫోన్లలో సైట్ గురించి ఎన్ని, మెయిల్ గురించి ఎన్ని అని ఒకసారి గుర్తు చేసుకోండి. నాకు పొద్దున్నే వినపడే మాట "సార్, మెయిల్ వరల" (రావట్లేదు). సైట్ ఒక గంట పడుకున్నా చాలామంది గమనించరు. మెయిల్ ఒక్కటి అందకపోతే మాత్రం ఆర్డరు పోయిందంటూ మీద పడతారు.

షావుకారుపేటలో నాకొక చీరల హోల్‌సేల్ క్లయింటు ఉండేవారు. ఆయన మెయిల్ నా సర్వర్ మీదే నడిచేది. అదే సర్వర్ మీద ఇంకో క్లయింటు సైట్లో కాంటాక్ట్ ఫామ్ ప్లగిన్ పాతబడి ఉంది, నేను అప్‌డేట్ చేయలేదు. ఒక రాత్రి దాంట్లోంచి ఎవడో దూరాడు. పొద్దున చూస్తే మెయిల్ క్యూలో 41 వేల స్పామ్ మెయిళ్లు. సర్వర్ ఐపీ (ఇంటర్నెట్‌లో దాని అడ్రసు) స్పామ్ పంపేవాళ్ల బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కేసింది. ఆ ఐపీ నుంచి బయటికెళ్లే ప్రతి మెయిలూ తిరిగొస్తోంది, చీరల వ్యాపారి మెయిళ్లతో సహా. దసరా ముందు వారం అది. క్షమాపణ చెప్పుకుందామని దుకాణానికి వెళ్లాను. ఆయన తిట్టలేదు. కూర్చోబెట్టి టీ ఇప్పించి, నా ఎదురుగానే సూరత్‌కి ఫోన్ చేసి కొటేషన్ మొత్తం నోటితో చదివి రాయించారు. డిజైన్ నంబరు, మీటర్లు, రేటు, మళ్లీ డిజైన్ నంబరు. ముప్పావుగంట. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఐపీ శుభ్రపడటానికి నాలుగు రోజులు పట్టింది, ఆయన మెయిల్ వేరే చోటికి మారడానికి రెండు రోజులు చాలాయి.

అందుకే నా మొదటి సలహా ప్యానెల్ గురించి కాదు. ఆ తొమ్మిది మంది మెయిల్‌ను సర్వర్ నుంచి బయటికి తీసేయండి. జోహో మెయిల్ కావచ్చు, గూగుల్ వర్క్‌స్పేస్ కావచ్చు, ఆ పనే వృత్తిగా పెట్టుకున్న ఎవరైనా కావచ్చు. ఖర్చు క్లయింటుదే, బిల్లు కూడా వాళ్ల పేరు మీదే ఉండాలి. సొంతంగా మెయిల్ నడపడం రోజురోజుకీ కష్టమవుతోంది కూడా. డిజిటల్‌ఓషన్, ఏడబ్ల్యూఎస్ లాంటి సర్వర్లు అద్దెకిచ్చే చోట్ల మెయిల్ బయటికి వెళ్లే దారి అయిన 25వ పోర్టు మామూలుగానే మూసి ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ కూడా పట్టు బిగించింది. జీమెయిల్‌కి పంపే ప్రతి డొమైన్‌కీ ఎస్‌పీఎఫ్ (ఆ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే రికార్డు) గానీ డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) గానీ ఉండాలి, రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకు ఆ రెండూ ఉండి డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డు) కూడా ఉండాలి. పంపే ఐపీకి రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు తెలిపే రికార్డు) సరిగా లేకపోయినా తిరగ్గొడుతుంది. ఇవన్నీ ప్యానెల్లో బటన్లు నొక్కితే వచ్చేస్తాయి, నిజమే. ఐపీకి ఉన్న చెడ్డపేరు మాత్రం ఏ బటనూ నొక్కి పోగొట్టలేరు. వర్డ్‌ప్రెస్ పంపే పాస్‌వర్డ్ రీసెట్లు, ఫామ్ మెయిళ్ల కోసం ఏదైనా ఎస్‌ఎమ్‌టీపీ రిలే సర్వీసు (మన తరఫున మెయిల్ పంపిపెట్టేది) పెట్టుకుని, వర్డ్‌ప్రెస్‌లో ప్లగిన్‌తో దానికి కలిపితే సరిపోతుంది.

మెయిల్ బయటికి వెళ్లిపోతే మీ 4 జీబీ నిజంగా 4 జీబీ అవుతుంది. మెయిళ్లను తనిఖీ చేసే వైరస్ స్కానర్ క్లామ్‌ఏవీ ఒక్కటే 1 జీబీకి పైగా మెమరీ పట్టుకుని కూర్చుంటుంది. నా సర్వర్లలో వర్డ్‌ప్రెస్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్ ఒక్కోటి 60 నుంచి 100 ఎంబీ దాకా తింటుంది. 22 సైట్ల మీద బాట్లు ఒకేసారి విరుచుకుపడి ముప్పై ప్రాసెస్‌లు లేచాయనుకోండి, 3 జీబీ అక్కడికే సరి. మెమరీ అయిపోతే లినక్స్ కర్నెల్ నడుస్తున్న ప్రోగ్రాముల్లో ఏదో ఒకదాన్ని చంపుతుంది, ఎక్కువసార్లు బలయ్యేది డేటాబేసు నడిపే మైఎస్‌క్యూఎల్. అప్పుడు 22 సైట్లూ ఒక్కసారే పడిపోతాయి. కాబట్టి ఏ ప్యానెల్ వేసినా ఒక్కో సైటుకు పీహెచ్‌పీ ప్రాసెస్‌ల పరిమితి పెట్టండి, 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) కూడా పెట్టుకోండి.

ఇప్పుడు ప్యానెళ్ల దగ్గరికి వద్దాం.

సీప్యానెల్ మంచిది కాదని ఎవరైనా అంటే నమ్మకండి. అన్నీ సర్దిపెట్టి ఉంటాయి, వెతికితే దొరకని జవాబు ఉండదు, ఏ కుర్రాణ్ని పనిలో పెట్టుకున్నా ఆ స్క్రీన్ ముందే తెలిసి ఉంటుంది. ఇబ్బంది దాని లెక్కతో. ఒకప్పుడు సర్వరుకు ఒక లైసెన్సు, దాని మీద ఎన్ని ఖాతాలైనా పెట్టుకోవచ్చు. 2019 జూన్‌లో ఖాతాల సంఖ్యను బట్టి ధర అని ప్రకటించి, సెప్టెంబరు నుంచి అమల్లో పెట్టారు. ఆ తర్వాత దాదాపు ప్రతి కొత్త సంవత్సరానికీ ధర పెరుగుతూనే ఉంది. మీ 22 సైట్లకు 22 ఖాతాలు తెరిస్తే 30 ఖాతాల శ్రేణి తీసుకోవాలి. డాలర్ల బిల్లు, దాని మీద పన్ను. మీరు క్లయింటుతో ఏడాదికి రూపాయల్లో ఒప్పుకున్న రేటు మాత్రం మారదు.

ధర కంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఖాతాకింత అనగానే మనవాళ్లు ఏం చేస్తారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. ఐదు ఖాతాల లైసెన్సు కొని, 22 సైట్లనూ ఆ ఐదింట్లో యాడ్ఆన్ డొమైన్లుగా కుక్కేస్తారు. అలా చేస్తే ఆ ఖాతాలోని సైట్లన్నిటికీ లినక్స్ యూజర్ ఒక్కడే అవుతాడు. ఒక సైట్లో దూరిన దొంగ కోడ్ పక్క సైటు ఫోల్డర్లలోకి తలుపు కూడా తట్టకుండా వెళ్లిపోతుంది. ఒకదాన్ని శుభ్రం చేస్తే మర్నాటికి పక్కదాన్నుంచి మళ్లీ అంటుకుంటుంది. ఈ పాచి పని నేను ఒక వేసవి సెలవులంతా చేశాను. సైటుకొక యూజర్ ఉండాలన్నది మాత్రం వదులుకోకండి. అది కుదరనివ్వని లైసెన్సు ఎంత చవకైనా వద్దు.

సీప్యానెల్ ఎవరికి సరిపోతుందంటే, క్లయింట్లే లోపలికొచ్చి మెయిల్ ఐడీలు, డేటాబేసులు సొంతంగా చేసుకునే హోస్టింగ్ వ్యాపారానికి. మీ 22 మందిలో లాగిన్ అయ్యేది ఇద్దరే అన్నారు. అందులో ఒకరు స్కూల్లో కంప్యూటర్ టీచరు, ఫైల్ మేనేజర్లో మార్కుల పీడీఎఫ్‌లు ఎక్కించడానికి. ఆయనకు వర్డ్‌ప్రెస్‌లో ఎడిటర్ లాగిన్ ఇచ్చి మీడియా లైబ్రరీ చూపించండి, పది నిమిషాల పని. రెండో ఆయన ఎందుకు లాగిన్ అవుతున్నారో కనుక్కోండి. నా క్లయింట్లలో ఒకాయన యూట్యూబ్‌లో చూసి తనే పీహెచ్‌పీ వెర్షన్ మార్చుకున్నారు, ఆదివారం రాత్రి. ఇద్దరి కోసం 22 ఖాతాల డబ్బు కట్టడం నాకు సబబుగా అనిపించలేదు.

ప్లెస్క్ కూడా ఇప్పుడు సీప్యానెల్ ఉన్న వెబ్‌ప్రోస్ గొడుగు కిందే ఉంది. విండోస్ సర్వర్ నడపాల్సి వస్తే దాన్ని మించింది లేదు. మీకు ఆ అవసరం లేదు కాబట్టి వదిలేద్దాం.

సైబర్‌ప్యానెల్. ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. దాని కింద నడిచే వెబ్ సర్వర్ ఓపెన్‌లైట్‌స్పీడ్ వేగమైనదే, వర్డ్‌ప్రెస్‌కి వాళ్ల క్యాషింగ్ ప్లగిన్ (పేజీలను ముందే సిద్ధం చేసి ఉంచేది) కూడా బాగుంటుంది. కానీ 2024 అక్టోబరులో ఏం జరిగిందో చూడండి. లాగిన్ కూడా అవసరం లేకుండా బయటివాడు రూట్ హోదాలో (సర్వర్ మీద పూర్తి అధికారంతో) ఆదేశాలు నడిపించగల లోపం ఆ ప్యానెల్లో బయటపడింది. ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న అలాంటి సర్వర్లు 22 వేల పైచిలుకు అని లెక్క తేలింది. పీఎస్‌ఏయూఎక్స్ (PSAUX) అనే రాన్సమ్‌వేర్ వాటి మీద పడి ఫైళ్లకు తాళాలేసింది. హెస్టియాకు మాతృక అయిన వెస్టాకి కూడా 2018లో ఇలాంటి గతే పట్టింది, దాని ఇన్‌స్టాల్ స్క్రిప్టునే ఎవరో మార్చేశారు. ప్యానెల్ అన్నది రూట్ అధికారంతో నడిచే ఒక వెబ్‌సైట్. మీ 22 సైట్లకు ఎన్ని తాళాలేసినా, ఇది తెరిచి ఉంటే అన్ని తాళాలూ దీని చేతిలోనే ఉన్నట్టు. 2024లో ఆ దాడి నుంచి తప్పించుకున్నవాళ్లలో నాకు తెలిసిన ఇద్దరు చేసిన తెలివైన పని ఒక్కటే, ప్యానెల్ తెరుచుకునే 8090 పోర్టును తమ ఐపీకి తప్ప అందరికీ మూసిపెట్టారు.

ఇక్కడ నా తెలివి గురించి కూడా చెప్పాలి. నేను అప్పటికే అన్ని ప్యానెల్ పోర్టులనూ ఆఫీసు స్టాటిక్ (మారని) ఐపీకి మాత్రమే తెరిచి పెట్టాను. 2023 డిసెంబరు 4, మిచాంగ్ తుపాను. వేళచ్చేరి వీధుల్లో నడుం లోతు నీళ్లు, కరెంటు లేదు, ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్ లేదు. మధ్యాహ్నం ఒక సర్వర్లో డిస్కు 100 శాతం నిండి మైఎస్‌క్యూఎల్ ఆగిపోయిందని ఫోనుకు అలర్టు. అపార్ట్‌మెంటు మెట్ల మీద, రెండో అంతస్తు మలుపులో సిగ్నల్ ఒక్క గీత వచ్చే చోట నిలబడ్డాను. ఫోన్లో 14 శాతం చార్జింగ్. ప్యానెల్ తెరుచుకోదు. మొబైల్ ఐపీ నా సొంత ఫైర్‌వాల్ లిస్టులో లేదు మరి. చివరికి వీపీఎస్ కంపెనీ వెబ్‌సైట్లోని కన్సోల్ (సర్వర్ స్క్రీన్ నేరుగా కనిపించే డబ్బా) ఫోన్ బ్రౌజర్లో తెరిచి, 24 అక్షరాల పాస్‌వర్డ్‌ను పేస్ట్ పనిచేయని ఆ డబ్బాలో ఒక్కో అక్షరం కొట్టి, మూడోసారికి లోపలికి పోయాను. డిస్కు ఎందుకు నిండింది? ప్యానెల్ బ్యాకప్‌లు అదే డిస్కు మీద పోగుపడి. పాత వారం ఫైలు ఒకటి తీసేసి మైఎస్‌క్యూఎల్ లేపేసరికి ఫోన్లో 3 శాతం ఉంది.

ఆ తర్వాత రెండు మార్పులు చేశాను. ప్యానెల్ పోర్టు ఇప్పటికీ మూసే ఉంటుంది, కానీ వేరే ఊళ్లో, వేరే కంపెనీ దగ్గర తీసుకున్న చిన్న సర్వర్ మీద వైర్‌గార్డ్ వీపీఎన్ (ఇతరులకు కనిపించని సొంత దారి) పెట్టాను. ఫోన్లోంచి దానికి కలిస్తే ఎక్కడినుంచైనా లోపలికి వెళ్లొచ్చు. బ్యాకప్‌లు ఏ సర్వర్ వాటిని తయారు చేసిందో ఆ సర్వర్లో ఒక్క రాత్రి కూడా నిలవ ఉండవు.

క్లౌడ్‌ప్యానెల్ గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెబుతారు. చూడటానికి ముచ్చటగా, చాలా తేలిగ్గా ఉంటుంది, మెయిల్ సర్వర్ అసలే లేదు, ఆ లెక్కన నా మాటకు దగ్గరిదే. ఒక్కటి చూసుకోండి. అది పూర్తిగా ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ మీద నడుస్తుంది, ఆ వెబ్ సర్వర్ డాట్ హెచ్‌టీయాక్సెస్ (.htaccess) అనే రూల్స్ ఫైలును చదవదు. మీ పాత సైట్లలో సెక్యూరిటీ ప్లగిన్లు ఆ ఫైల్లోనే రూల్స్ రాసి ఉంటాయి, అప్‌లోడ్స్ ఫోల్డర్లో పీహెచ్‌పీ నడవకూడదు లాంటివి. ఎన్‌జింక్స్ మీదికి రాగానే అవన్నీ పనిచేయడం మానేస్తాయి, ఎర్రర్ కూడా రాదు. సైట్ చక్కగా తెరుచుకుంటుంది, అంతా బాగుందనుకుంటారు. కొత్తగా కట్టే సైట్లకైతే నిశ్చింతగా వాడొచ్చు. ఎవరెవరో ఏళ్ల తరబడి అతుకులేసిన 22 సైట్లను దాని మీదికి తెస్తే, ప్రతిదాంట్లో ఆ ఫైలు తెరిచి చదవాల్సిందే. ఓపెన్‌లైట్‌స్పీడ్ కొంత నయం, రీరైట్ రూల్స్ (అడ్రసులు మళ్లించేవి) వరకు చదువుతుంది, అదీ రీస్టార్ట్ చేస్తేనే.

వర్చువల్‌మిన్ గట్టి పిండం. దాని అడుగున ఉన్న వెబ్‌మిన్ 1997 నుంచి నడుస్తోంది. చేయలేని పని లేదు, అదే దాని ఇబ్బంది కూడా. ఒక సెట్టింగ్ కోసం పది మెనూలు తిరగాలి. లినక్స్ ఒంటబట్టినవాళ్లకే చెబుతాను.

మిగిలినవి డైరెక్ట్‌అడ్మిన్, హెస్టియా. డైరెక్ట్‌అడ్మిన్ డబ్బు పెట్టి కొనేదే, సీప్యానెల్ కంటే చవక. పెద్ద లైసెన్సులో ఖాతాల పరిమితి లేదు కాబట్టి సైటుకొక యూజర్ పెట్టడానికి వెనకాడక్కర్లేదు. సీప్యానెల్ బ్యాకప్ ఫైలును నేరుగా తీసుకుంటుంది. రాత్రి రెండింటికి ఏదైనా తిరగబడితే టికెట్ వేయడానికి అవతల ఒక మనిషి ఉంటాడు. హెస్టియా ఉచితం, డెబియన్ లేదా ఉబుంటు లినక్స్ మీద మాత్రమే నడుస్తుంది, ముందు ఎన్‌జింక్స్ వెనక అపాచీ (ఆ రూల్స్ ఫైలు చదివే వెబ్ సర్వర్) ఉండే పద్ధతి మామూలుగా వస్తుంది కాబట్టి పాత డాట్ హెచ్‌టీయాక్సెస్ రూల్స్ చెక్కుచెదరవు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే మెయిల్ వద్దు, క్లామ్‌ఏవీ వద్దు అని చెప్పొచ్చు. సీప్యానెల్ బ్యాకప్ దింపుకునే ఆదేశం దానికీ ఉంది. దాని వెనక కంపెనీ లేదు, స్వచ్ఛందంగా పనిచేసే మనుషులున్నారు. ఏదైనా వస్తే లాగ్ ఫైలు (సర్వర్ రాసుకునే చిట్టా) చదివి మీరే తేల్చుకోవాలి.

ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్లోకి వెళ్లి ఆదేశాలు టైప్ చేసి పని చేయడం) అంటే భయం లేదని రాశారు కదా. మీ స్థానంలో నేనుంటే హెస్టియా వేస్తాను, మెయిల్ లేకుండా, డెబియన్ మీద, సైటుకొక యూజర్‌తో. ఏ కారణం చేతనైనా మెయిల్ సర్వర్ మీదే ఉండి తీరాలంటే డైరెక్ట్‌అడ్మిన్ కొంటాను. అప్పుడు ఆ లైసెన్సు డబ్బు ప్యానెల్‌కి కాదు, అర్ధరాత్రి సాయానికి కడుతున్నాననుకుంటాను.

ఏది వేసినా ఖాళీ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే వేయండి, ముందు ఒకటి వేసి నచ్చక తీసేసి అదే సర్వర్ మీద ఇంకొకటి వేయకండి. ఇవి తమ వేళ్లు పూర్తిగా పీక్కుని పోవు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇంకా ఎన్నేళ్ల ఆయుష్షుందో కూడా చూసుకోండి. సెంటాస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి 2024 జూన్ 30తో కాలం తీరిపోయాక ఎంతమంది సీప్యానెల్ వాళ్లు ఆల్మాలినక్స్‌కి మారడానికి తంటాలు పడ్డారో చూశాను, అందులో నేనూ ఉన్నాను. ఎస్‌ఎస్‌ఎల్ (సైటుకు https తెచ్చేది) గురించి టెన్షన్ అక్కర్లేదు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లను అన్ని ప్యానెళ్లూ వాటంతటవే పొడిగిస్తాయి. డీఎన్‌ఎస్ (డొమైన్ పేరు ఏ ఐపీదో చెప్పే రికార్డులు) మాత్రం ప్యానెల్లో పెట్టకుండా బయట పెట్టుకోండి. రేపు ఈ ప్యానెల్ వదిలిపోవాలంటే ఐపీ ఒక్కటి మారిస్తే చాలుతుంది.

లాగ్‌ల సంగతి ఎవరూ చెప్పరు. సర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు లాగ్‌లను 180 రోజులు ఉంచాలి, హ్యాకింగ్ లాంటివి తెలిసిన 6 గంటల్లో వాళ్లకు చెప్పాలి. ఇతరుల సైట్లను డబ్బు తీసుకుని నడుపుతున్నాం కాబట్టి ఇది పెద్ద కంపెనీల గొడవలే అని నేను అనుకోవడం లేదు. లాగ్ రొటేషన్ (పాత లాగ్‌లు తీసేయడం) ఎన్ని రోజులకు పెట్టి ఉందో చూసి మార్చుకోండి, డిస్కు లెక్క వేసుకుని మరీ.

ఇక మార్చే పద్ధతి. మొదట గంటల లెక్కన బిల్లయ్యే ఇంకో చిన్న వీపీఎస్ ఒక ఆదివారం పూట తీసుకోండి. దాని మీద హెస్టియా వేసి, మీ 22లో అన్నిటికంటే గజిబిజిగా ఉన్న సైటు బ్యాకప్ దింపి చూడండి. సులువైనదాన్ని కాదు. మీ కంప్యూటర్లో హోస్ట్స్ ఫైలు మార్చి (మీ కంప్యూటర్ ఒక్కటే కొత్త సర్వర్‌కి వెళ్లేలా) ఆ సైటు తెరవండి, ఫామ్ నింపండి, ఫొటో ఎక్కించండి. తర్వాత హెస్టియా నుంచి బ్యాకప్ బయటికి తీసి, ఆ యూజర్‌ను చెరిపేసి, మళ్లీ దింపండి. రెండోసారి కూడా సైటు లేచి నిలబడితే అసలు సర్వర్ మీద పని మొదలుపెట్టండి. లేవకపోతే మీకు పోయింది ఒక ఆదివారం, కొద్ది రూపాయలు.

మెయిల్ ముందు మారాలి, సైట్లు తర్వాత. రెండూ ఒకే రాత్రి పెట్టుకోకండి. మారే ముందు రోజే డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత రికార్డును ఇతరులు ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పేది) 300 సెకన్లకు తగ్గించండి. పాత మెయిళ్లను ఐమ్యాప్‌సింక్ లాంటి దానితో కొత్త చోటికి కాపీ చేసి, ఎంఎక్స్ రికార్డు (మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పేది) మార్చిన మర్నాడు మళ్లీ ఒకసారి నడపండి, మధ్యలో పాత సర్వర్లో పడ్డవి కూడా వచ్చేస్తాయి.

పాత రీసెల్లర్ ఖాతాను వెంటనే రద్దు చేయకండి. ఇంకో నెల డబ్బు కట్టి ఉంచండి. ఎవరో ఒక క్లయింటు ఆఫీసులో మూల కూర్చున్న కంప్యూటర్లో అవుట్‌లుక్ ఇంకా పాత సర్వర్ ఐపీనే పట్టుకుని ఉంటుంది. ఆ మనిషి మీకు ఫోన్ చేసేది మూడో వారంలో.